'వదులు' అన్న మాట

మెట్టుగూడలో బ్రహ్మచారి షెడ్డు, శుక్రవారం పొద్దున. ఒక పాత మారుతి వ్యాను వెనక చక్రాలు విప్పించుకుని స్టాండ్ల మీద నిలబడి ఉంది. దాని కింద వెల్లకిలా పడుకున్నది బ్రహ్మచారి. అరవై రెండేళ్లు. బ్రేకుల పనిలో సికింద్రాబాదులో ఎవరైనా తన తరవాతే అని ఆయన నమ్మకం. పైన డ్రైవరు సీట్లో కూర్చుని పెడలు తొక్కుతున్నది ప్రిసిల్లా. బడి పంతులమ్మ, బాపట్ల పిల్ల, ఏడాదిన్నరగా ఆయన కోడలు. ఆ చివరి సంగతి ఆమె ఆయనకింకా చెప్పలేదు. చెప్పాలి. చెప్పి, ఎల్లుండి ఆదివారం కార్ఖానా ఏరియాలో ఆయన కొడుకు తెరవబోయే కొత్త షెడ్డుకు రమ్మని పిలవాలి. అందుకే వచ్చింది. వచ్చి గంటన్నరైంది, నోరు మాత్రం పెగలడం లేదు పాపం.

"కొట్టు… కొట్టు… ఇంకోపారి కొట్టు. ఇగ తొక్కి పట్టు. పట్టినవా?"

"పట్టానండి."

"వదులు!"

"ఊఁ."

"ఆఁ, బిగిచ్చిన. ఇడువు… ఏందమ్మా గిది! మల్ల బుడగలే. ఇరవై పార్లయింది, లైన్ల గాలి ఒడుస్తనే లేదు. పెడల్ ఎట్లున్నది?"

"మెత్తగా కిందదాకా పోతోందండి. మొదట్లో ఎలా ఉందో అలానే ఉంది."

"ముందు బ్రేకులు పడుతున్నయ్ కద?"

"పడుతున్నాయి. వాటితోనేగా కార్ఖానా నించి ఇంత దూరం వచ్చాను."

"వెనక బ్రేక్ లేకుంట కార్ఖానకెళ్ళి మెట్టుగూడ దన్క! ఏమన్న అయితే ఎవరికి తక్లీఫ్?"

"సెకండ్ గేర్లోనే వచ్చానండి. వెనకాల ఆటో వాళ్లు తిట్టని తిట్టు లేదు."

"మంచిగ తిట్టిన్రు. సరే, మొదటికెళ్ళి చెప్పు. బ్రేక్ లైన్ ఎందుకు మార్చిన్రు?"

"పాత పైపు తుప్పు పట్టి ఆయిల్ కారిందండి. కొత్తది వేశారు. వేసినప్పటి నించీ వెనక బ్రేకు లేదు."

"ఎవరేసిన్రు?"

"ఒకాయన."

"ఒకాయనంటే? పేరు లేదా?"

"మా ఇంటాయనేనండి."

"మెకానికా?"

"ఆఁ… అలాంటిదే."

"అలాంటిదేంది? మెకానిక్ అంటే మెకానిక్, కాదంటే కాదు."

"మెకానిక్కేనండి. మొన్నటిదాకా షోరూంలో చేశారు."

"గదీ సంగతి! షోరూం. ఆడ పని చెయ్యరు, డబ్బా విప్పుతరు. పాతది పారేస్తరు, కొత్తది బిగిస్తరు, చేతులు కడుక్కుంటరు."

"ఆయన అలా కాదండి. ఆ పైపు వంచింది చూడండి."

"చూస్తనే ఉన్న. వంపు మంచిగున్నది. యాక్సిల్‌కు రాసుకోకుంట ఎడం ఇడిసిండు, క్లిప్ పెట్టిండు. ఎవడో పని తెల్సినోడే నేర్పిండు వీనికి."

"ఆయన నాన్నగారే నేర్పారట."

"అట్లనా? ఆయనెసొంటి మనిషి?"

"మొండి మనిషని విన్నానండి."

"ఎవరన్నరు?"

"అందరూ."

"పెడల్ కొట్టు."

"కొడుతున్నా."

"పట్టు. వదులు! …ఇడువు. మల్ల బుడగలు. పరేషాన్ చేస్తున్నది గదా ఈ బండి. ఇంట్ల ఏమేం చూసిన్రు?"

"అన్నీ చూశారండి. మూడు రోజులుగా అదే పని. బ్రేకు షూలు బిగించారు. రబ్బరు హోసు లోపల మూసుకుపోయిందేమోనని అది మార్చారు. నిన్న మాస్టర్ సిలిండరు కూడా కొత్తది వేశారు. ఎంతకీ గాలి పోదు."

"పెడల్ ఎవరు తొక్కిన్రు?"

"నేనే."

"ఆడ సుత నువ్వేనా?"

"ఇంకెవరున్నారండి మా ఇంట్లో? బడి నించి వచ్చి బ్యాగ్ కింద పెట్టగానే ఇదే డ్యూటీ. రాత్రి అన్నం తింటున్నా కుడికాలు దానంతటదే ఆడుతోంది."

"కొట్లాడుకున్నరా?"

"లేదండి… కొంచెం. నేను సరిగ్గా తొక్కట్లేదని ఆయన, ఆయనకి పని రాదని నేను."

"పని రాదన్నవా?"

"కోపంలో అన్నాను."

"గట్ల అనద్దు. పైపు చూస్తుంటే తెలుస్తలేదా? పని వచ్చినోడే. తప్పు ఇంకేడనో ఉన్నది."

"మీరెందుకండి ఆయన్ని వెనకేసుకొస్తారు?"

"నేనా? నేను పైపును వెనకేసుకొస్తున్న. కొట్టు."

"కాసేపు ఆగుదామండి, పిక్క పట్టేసింది."

"ఆగు, ఆగు. నాకు సుత నడుము గుంజుతున్నది."

షెడ్డు వెనకే ఇల్లు. అందులోంచి రెండు గ్లాసుల చాయ్‌తో శ్యామలమ్మ వచ్చింది. ఆమె బ్రహ్మచారి భార్య. మంచి మనిషే గానీ, నటించడం బొత్తిగా చేతకాదు.

"చాయ్ తెచ్చిన… ఓయమ్మ, ఎవరో కొత్తామె ఉన్నది. ఎవరమ్మా నువ్వు? ఎన్నడు చూడలే నిన్ను. ఎన్నడంటే ఎన్నడు చూడలే."

"నమస్తే అండి. నేను… బండి చూపించడానికొచ్చానండి."

"ఒక్కపారంటే సాలదా శ్యామలా? ఎన్నిపార్లంటవ్ చూడలే, చూడలే అని?"

"చూడకపోతే చూడలేదనే అంట. తాగు బిడ్డా, నీకు చక్కెర తక్కువనే ఏసిన."

"ఆమెకు చక్కెర తక్కువ కావాలెనని నీకెట్ల తెలుసు?"

"మొకం చూస్తే తెలుస్తది."

"మొకం చూస్తే చక్కెర తెలుస్తదా?"

"నీ లెక్క బండి కిందికెళ్ళి చూస్తే తెల్వది. నువ్వు జెర జరిగి కూసో, ఆమెకు ఎండ తగులుతున్నది. బిడ్డా, మొన్న ఆదివారం మోండా మార్కెట్ల మనం తెచ్చిన గోంగూర—"

"అత్త… అమ్మగారూ! చాయ్ చాలా బాగుందండి!"

"ఆఁ. అదే. మేము తెచ్చిన గోంగూర. మా ఇంట్లకు. మేము."

"శ్యామలా, నువ్వు లోపలికి నడు. కూర మాడుతున్నట్టున్నది."

"కూర ఇంకా పొయ్యి మీద పెట్టనే లేదు."

"పెట్టినంక మాడుతది. నడు."

"పోతున్న, పోతున్న. ఈ మనిషికి ఏం కనవడదు, ఏం తెల్వదు, బండ్లు తప్ప."

"ఏమనుకోకమ్మా. మా ఆమె జెర గట్లనే మాట్లాడ్తది. ఇగ షురూ చేద్దామా?"

"చేద్దామండి… మీకు పిల్లలెవరూ లేరా, షెడ్డులో తోడుగా ఉండటానికి?"

"ఉన్నడొకడు."

"ఎక్కడున్నారు?"

"ఏడనో ఉన్నడు. ఎడమ దిక్కు వీలుకు పోతున్న, కొట్టు."

"పెళ్లైందా అతనికి?"

"అయిందట."

"అయిందట ఏంటండి? మీ అబ్బాయి పెళ్లి మీకు తెలీదా?"

"నా ఫోన్‌కు తెలుసు. పత్రిక ఫోన్ల పంపిండు. కన్నతండ్రికి! స్పేర్ పార్ట్స్ అమ్మే భద్రయ్యకు చేతికిచ్చిండట, నాకేమో వాట్సాప్‌ల. మా ఇండ్లల్ల పెండ్లంటే ఇంటికొచ్చి ఆడోళ్ళకు బొట్టు పెట్టి, పసుపు రాసిన పత్రిక ఇచ్చి చెప్తరు. గట్ల చెప్పకపోతే చెప్పినట్టే కాదు. ఫోన్ల వచ్చిన పత్రికకు పసుపు యాడ రాయాలె? అద్దం మీదనా?"

"భయపడి ఉంటారండి. వేరే మతం అమ్మాయి కదా, గుమ్మం తొక్కనిస్తారో లేదోనని…"

"వేరే మతమని నేను చెప్పిన్నా నీకు?"

"ఊహించానండి. ఇంత కోపాలంటే అలాంటిదేగా ఉంటుంది."

"నీ ఊహ మంచిగనే ఉన్నది. గని అది కాదమ్మా పంచాయితీ. ఎవరి దేవుడు వాళ్ళకున్నడు. నా దగ్గరికొచ్చే బండ్లకు మతమున్నదా? పిలవలేదు. గంతే. నా గుండెల గుచ్చుకున్నది గదే."

"మీరు మాత్రం? ఆ మెసేజ్ చూసి ఒక్క మాటైనా రాయలేదుగా. రెండు నీలం టిక్కులు పడ్డాయి, ఆ తరవాత ఏమీ లేదు. రాత్రి రెండింటిదాకా ఫోను పట్టుకుని కూర్చు… కూర్చుని ఉంటారు."

"ఎవరు?"

"మీ అబ్బాయి. అనుకుంటున్నా."

"రెండింటి దాకనా?"

"అనుకుంటున్నానండి."

"ఏం రాస్తనమ్మా? నాకు ఫోన్ల తెలుగు కొట్టరాదు. ఆ బొటనవేలు బొమ్మ ఒకటి ఉంటది చూడు, అది ఒత్తబోయిన. కొడుకు పెండ్లికి బొటనవేలు పెడ్తారా ఎవరన్న అని ఆగిన. గట్ల ఆగుడే అయింది, ఏడాదిన్నర."

"అంటే… రాద్దామనే అనుకున్నారా?"

"పెడల్ కొట్టమన్న గద. మాటలతోని గాలి పోతదా?"

"కొడుతున్నానండి."

"పట్టు. వదులు! …ఇడువు. ఈడ సుత అదే కథ. ఒక్క నిమిషం. ఒక్క నిమిషమాగు. లైన్ కొత్తది. కారుడు లేదు, చేతితోని తడిమి చూసిన. హోస్ కొత్తది, మాస్టర్ కొత్తది. ఆయిల్ ఇందాకనే నిండ పోసిన. మరి గాలి ఆకాశంకెళ్ళి వస్తున్నదా?"

"నాకేం తెలుసండి, నేను లెక్కల టీచర్ని."

"ఈపారి నేను గాలి ఇడిసే నిప్పల్ దిక్కు చూడ. కండ్లు మూసుకుని ఉత్త చప్పుడు వింట. కొట్టు… కొట్టు… పట్టు."

"పట్టాను."

"వదులు!"

"ఊఁ."

"ఆగు! టక్కుమన్నది. ఏందది?"

"ఏదండి?"

"పైన టక్కుమన్నది. పెడల్ పైకొచ్చిన చప్పుడది. కాలు తీసినవా?"

"తీశానండి."

"ఎందుకు తీసినవ్?"

"మీరేగా వదులు అన్నారు!"

"వదులన్న! అంటే వదులయిందని! నిప్పల్ వదులు చేసిన, ఇగ నువ్వు ఇంకింత తొక్కి పట్టాలె, ఆయిల్‌తోని పాటు గాలి బయటికి రావాలెనని!"

"వదులంటే వదిలెయ్యమని కాదా?"

"వదిలెయ్యమంటే ఇడువు అంట గద! బిగిచ్చినంక ఇడువు, ఇడువు అని గొంతు పొయ్యేటట్టు ఒర్లుతున్న గద!"

"మా వైపు వదులు అంటే వదిలెయ్యమనేనండి. మీరు ఇడువు అనేసరికే నా కాలు పైనుంటోంది. వదిలేశాక మళ్ళీ ఎందుకు చెబుతున్నారో, పెద్దాయన కదా, రెండేసి సార్లు చెప్పడం అలవాటేమో అనుకున్నా."

"ఓరి దేవుడా! నిప్పల్ తెరిచి ఉన్నప్పుడు పెడల్ ఇడిస్తే బయటి గాలి లోపలికి గుంజుకుంటదమ్మా. తీసిన గాలి తీసినట్టే మల్ల మింగుతున్నది బండి. ఇరవై పార్లు నేను తీసుడు, ఇరవై పార్లు నువ్వు నింపుడు!"

"ఇంట్లో ఒక వంద సార్లుంటుందండి."

"నీ ఇంటాయన సుత వదులు అనే అన్నడా?"

"అచ్చం మీలాగే. అదే అరుపు, అదే గొంతు, అదే…"

"అదే?"

"అదే మాట."

"షూలు బిగిచ్చిండు. హోస్ మార్చిండు. మాస్టర్ సిలిండర్ మార్చిండు. మూడు దినాలు బండంత చూసిండు గని పెండ్లాం కాలు చూడలే!"

"నవ్వుతున్నారా మీరు?"

"నవ్వుతలే. కంట్ల దుమ్ము పడ్డది."

"వ్యానంతా ఊగుతోందండి."

"దుమ్ము మస్తు పడ్డది. సరే, విను. ఇప్పటికెళ్ళి నేను లూజ్ అంట. అప్పుడు కాలు తియ్యద్దు, కిందదాక తొక్కి పట్టు. టైట్ అన్నంక, అప్పుడు తియ్యాలె. సమజైందా?"

"అయింది. లూజ్ అంటే తొక్కటం, టైట్ అంటే తియ్యటం."

"కొట్టు… కొట్టు… పట్టు. లూజ్!"

"తొక్కుతున్నా… కిందికి పోయింది… పట్టుకునే ఉన్నా, పట్టుకునే ఉన్నా…"

"టైట్! ఇగ వదులు. మీ భాషల వదులు."

"వదిలాను."

"చూసినవా, ఎంత గాలి కక్కిందో! మల్ల కొట్టు. లూజ్!"

"తొక్కా."

"టైట్. ఇంకోపారి… లూజ్… టైట్. బుడగలు బంద్. ఈ దిక్కు అయిపోయింది. కుడి దిక్కు వస్తున్న, కొట్టు… పట్టు… లూజ్! టైట్! మల్ల… లూజ్! టైట్! ఇగ చెప్పు, పెడల్ ఎట్లున్నది?"

"గట్టిపడిందండి! సగంలోనే ఆగిపోతోంది! నొక్కినా పోవట్లేదు!"

"డ్రమ్ తిప్పుతున్న, తొక్కు… ఆఁ, పట్టింది! కదుల్తలేదు. వెనక బ్రేక్ వచ్చిందమ్మా!"

"హమ్మయ్య! మూడు రోజుల నించీ… అయ్యో, పాపం ఆయన్ని పని రాదన్నానండి."

"ఇంటికి పోయి తప్పయిందని చెప్పు. వాణ్ణి సుత చెప్పమను. తప్పు చెరి సగం."

బ్రహ్మచారి వ్యాను కిందనుంచి బయటికి జరిగాడు. ప్రిసిల్లా సీటు దిగింది. ఒకరి మొహం ఒకరు చూడకుండా మాట్లాడుకోవడం ఎంత హాయో, అది పోయాక గానీ తెలిసిరాలేదు ఆమెకు.

"చక్రాలు ఎక్కిస్తే అయిపోయె. ఇగ నువ్వు పోవచ్చు."

"చారి గారూ, ఒక మాట చెప్పాలండి."

"ముందు నేనొకటి చెప్త. ఈ సికిందరాబాదుల మెకానిక్‌లందరు లూజ్ అనే అంటరు. వదులు అనేది మా నాయన. ఆయన లెక్క నేనంట. ఇంకోడంటడు. వాణ్ణి ఎనిమిదో క్లాసుల ఉన్నప్పుడే ఇసొంటి సీట్ల కూసోబెట్టి పెడల్ తొక్కిచ్చిన. వాడొక్కపారి సుత తప్పు తొక్కలే. ఇగ చెప్పు, ఏందో మాట అన్నవ్."

"మీకు తెలిసిపోయిందా?"

"నువ్వు చెప్పందే నాకేం తెలుస్తది?"

"నేను ప్రిసిల్లానండి. హరికిషన్ గారి… మీ హరి భార్యని."

"జోరుగ చెప్పు. లోపల ఒకామె తలుపు సందుకు చెవి పెట్టి నిలబడ్డది, ఆమెకు వినరావద్దా?"

"మీ కోడల్ని మావయ్యగారూ!"

"వినొచ్చింది బిడ్డా, వినొచ్చింది! నేను ముందుగాలనే ఇనుకుంట ఉన్న!"

"నువ్వు ఆడనే ఉండు శ్యామలా, ఇంక అయిపోలే. హరి పంపిండా నిన్ను?"

"లేదండి, ఆయనకి తెలీదు. బండి ఎక్కడికైనా తీసుకుపో గానీ నాయన దగ్గరికి మాత్రం వద్దన్నారు."

"ఎందుకట?"

"గాలి తియ్యడం కూడా చేతకాలేదని మీకు తెలిస్తే తల కొట్టేసినట్టుంటుందట."

"పిచ్చోడు. చేతకాకపోవుడు కాదది, మాట కుదరకపోవుడు. అయితే బ్రేక్ కోసరమే వచ్చినవన్న మాట."

"బ్రేకు కోసం కాదండి. బ్రేకు బాగానే ఉన్నా ఏదో ఒక వంక పెట్టుకుని వచ్చేదాన్ని. ఆదివారం పదింటికి కార్ఖానాలో ఆయన సొంత షెడ్డు తెరుస్తున్నారు. మీరు రావాలి. మీరు రాకపోయినా తెరుస్తానంటున్నారు గానీ, ఆయనకి చేతులు రావు. రోజూ వెళ్ళి ఆ షట్టరు ముందు నిలబడి వస్తున్నారు. నాకు చూస్తుంటే ఏడుపొస్తోంది. అందుకే పిలవటానికొచ్చా. ఫోన్లో కాదు. ఇదిగో కుంకుమ, ఇదిగో పత్రిక, నాలుగు మూలలా పసుపు నేనే రాశాను. నుదురు ఇటు పెట్టండి."

"ఏయ్, ఏయ్, ఆగు! బొట్టు ఆడోళ్ళకు బిడ్డా! మొగోళ్ళకు చేతికి పత్రిక ఇస్తరు!"

"అత్తయ్య ఇద్దరికీ పెట్టాలన్నారే?"

"మీ అత్తయ్య నాతోని ఆటలాడ్తున్నది. పోయి ఆమెకు పెట్టు. చక్కెర తక్కువని మొకం చూసి చెప్పేటామె గద."

"పెడతాను. ముందు మీరు పత్రిక తీసుకోండి."

"చేతులకు ఆయిలున్నది. ఆ పానాల డబ్బ మీద పెట్టు."

"చేతికే ఇవ్వాలన్నారుగా? ఆయిలైనా ఫర్వాలేదు, పట్టుకోండి."

"పట్టుకున్న, ఇగో. ఆదివారమంటే… జెర పనున్నది మల్ల."

"ఏం పని?"

"ఏదో ఉంటది."

"మావయ్యగారూ, పెళ్లికి ఎలాగూ రాలేదు. ఆ రోజు ఫొటోల్లో ఆయన ఒక్కదాంట్లో కూడా కెమెరా వంక చూళ్ళేదు తెలుసా? అన్నిట్లోనూ చర్చి గేటు వంకే చూస్తున్నారు. మళ్ళీ అలాంటి ఫొటోలు దిగలేనండి నేను."

"పెండ్లినాడు నువ్వు కారెక్కంగ, తెల్లచీర కొంగు డోర్ల ఇరికింది. యాదికున్నదా?"

"ఎందుకు లేదు? గేటు బయట స్కూటర్ మీద ఎవరో హెల్మెట్ పెట్టుకున్నాయన 'కొంగు బిడ్డా, కొంగు!' అని అరవబట్టి సరిపోయింది గానీ, లేకపోతే చీర… ఆ సంగతి మీకెవరు చెప్పారండి?"

"ఎవరు చెప్పాలె? హెల్మెట్ తీస్తే హరిగాడు గుర్తుపడ్తడని తియ్యలే. పిలవని పెండ్లికే వచ్చినోణ్ణి, ఇంటికొచ్చి పిలిస్తే రానా బిడ్డా?"